స్కానరు భారము – పాత కంప్యూటరు బలము

బండిపై ఎంత బరువు వేసినదీ చూచుకొనకుండా ఎడ్లను నిందించడము న్యాయము కాదు. స్కానరు విషయములో పలు విద్యాసంస్థలలో జరుగుతున్నది ఇదే. గాజుపలకపై ఒక పుటను బోర్లించి మీట నొక్కుతారు. దీపము కదులుతుంది, యంత్రము కొంతసేపు మూలుగుతుంది, తరువాత తెర స్తంభించిపోతుంది. "కంప్యూటరు పాతదైనది, దీనిని తీసివేసి కొత్తది కొనవలెను" అనే తీర్పు వెంటనే వెలువడుతుంది. ఆ తీర్పు ఒక్కొక్కప్పుడు సరియైనదే కావచ్చును. కాని విచారణ లేకుండా తీర్పు చెప్పరాదు గనుక, యంత్రము పక్షమున కూడ నాలుగు మాటలు వినవలసి ఉన్నది.

ఈ చర్చ మన పత్రికకు దూరమైనది కాదు. ఉర్దూ, తెలుగు భాషలను రెండింటిని పోషించే కళాశాలల బీరువాలలో పాత వార్షిక సంచికలు ఎన్నో ఉన్నవి. నూరీ నస్తాలీఖ్ అనే యంత్రాక్షరములు 1981లో లాహోరులోని జంగ్ దినపత్రికలో వాడుకలోకి వచ్చేవరకు, ఆ తరువాత కూడ కొన్ని ఏండ్లపాటు, ఉర్దూ ప్రచురణలు చాలవరకు కాతిబుల చేతివ్రాత నుండియే అచ్చయినవి. వాటి సరసన ఉన్న తెలుగు పుటలు సీసపు అక్షరములతో కూర్చినవి. ఆ కాగితము చవుకది. దానిలోని ఆమ్లము దానినే తినివేస్తుంది. అంచులు పసుపెక్కి, మడతలవద్ద విరిగిపోతున్న పుటను ఒక్కమారు గాజుపై బోర్లించడమే కష్టము. తెర స్తంభించిన కారణముగా అదే పుటను రెండవమారు, మూడవమారు బోర్లించవలసి వచ్చినచో, కలిగే నష్టము కంప్యూటరుకు కాదు, కాగితమునకు. కంప్యూటరును మరల నడపవచ్చును. విరిగిన పుటను మరల పొందలేము. అందువలన స్కానరు ఎందుకు మొరాయిస్తున్నదో తెలిసికొనడము మన వంటివారికి కేవల సాంకేతిక కుతూహలము కాదు.

పుట అంకెలుగా మారే తీరు

1957లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థలో రస్సెల్ కిర్ష్ గారు, వారి సహచరులు తొలిసారిగా ఒక ఛాయాచిత్రమును కంప్యూటరులోనికి ఎక్కించినారు. అది కిర్ష్ గారి పసికుమారుని చిత్రము. అడ్డముగా 176, నిలువుగా 176 బిందువులు, మొత్తము 30,976. 1969లో బెల్ ప్రయోగశాలలో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞులు వెలుగును విద్యుదావేశముగా మార్చి వరుసగా అందించే పలుకను, అనగా సి.సి.డి. అనే సాధనమును, కనుగొన్నారు. ఇందుకు వారికి 2009లో నోబెల్ బహుమానము లభించినది. మన బల్లపైని అనేక స్కానర్లలో పనిచేసేది ఈ సాధనమే. చవుకగా దొరికే పలుచని స్కానర్లలో దీనికి బదులు సి.ఐ.ఎస్. అనే స్పర్శరీతి పట్టీ ఉంటుంది.

ఏ రకమైనను పని ఒక్కటే. దీపముతో కూడిన పట్టీ గాజు క్రింద మెల్లగా జరుగుతూ, పుటను సన్నని అడ్డగీతలుగా చూస్తుంది. ప్రతి గీతను బిందువులుగా విభజించి, ప్రతి బిందువుయొక్క వెలుగును ఒక అంకెగా కంప్యూటరుకు పంపుతుంది. అంగుళము పొడవున ఎన్ని బిందువులు చూడవలెనో మనము నిర్ణయిస్తాము. దీనినే వాడుకలో డి.పి.ఐ. అంటారు.

ఇక గణితము చూడండి. ఏ4 కాగితము 8.27 అంగుళముల వెడల్పు, 11.69 అంగుళముల పొడవు కలది. 300 డి.పి.ఐ. వద్ద అడ్డముగా 2,480, నిలువుగా 3,508 బిందువులు వస్తవి. మొత్తము 86,99,840. కిర్ష్ గారి చిత్రమునకు ఇది 280 రెట్లు. రంగులలో చూచినచో ప్రతి బిందువుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము కలిపి మూడు బైట్లు కావలెను. అనగా ఒక్క పుటకు సుమారు 26 మెగాబైట్లు.

రెట్టింపు అనుకొన్నది నాలుగింతలు

ఇచ్చటనే చాలమంది పొరపడేది. 300 ను 600 గా మార్చినప్పుడు భారము రెట్టింపు అవుతుందని తలుస్తారు. కాని బిందువులు అడ్డముగాను రెట్టింపు, నిలువుగాను రెట్టింపు అవుతవి గనుక భారము నాలుగింతలు. 600 వద్ద రంగుల పుట సుమారు 104 మెగాబైట్లు. 1,200 వద్ద సుమారు 418. 2,400 వద్ద 1,670. చతురస్రపు భుజమును రెట్టింపు చేసినచో వైశాల్యము నాలుగింతలగునని పాఠశాలలో నేర్చిన సూత్రమే ఇది; కొత్త విద్య ఏదియు లేదు.

భారమును తగ్గించే మార్గములు కూడ ఈ గణితములోనే ఉన్నవి. రంగులు విడిచి బూడిదవన్నె ఛాయలో చూచినచో భారము మూడవ వంతు. కేవలము నలుపు తెలుపులలో చూచినచో ఇరువది నాలుగవ వంతు. పూర్తి గాజుపలకకు బదులు అవసరమైన భాగమునే గీత గీసి ఎన్నుకొన్నచో ఆ మేరకు తగ్గుదల. 3 అంగుళముల వెడల్పు, 4 అంగుళముల పొడవు గల పాత ఛాయాచిత్రమును 600 వద్ద రంగులలో చూచినను భారము 13 మెగాబైట్లే. భారమును నిర్ణయించేవి మూడు: వైశాల్యము, సూక్ష్మత, వర్ణము.

ఇప్పుడు 512 మెగాబైట్ల మెమరీ గల ఒక పాత కంప్యూటరును తీసికొందము. అందులో కొంత భాగమును విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థ, వైరసు నిరోధక ప్రోగ్రాము ముందే ఆక్రమించుకొని ఉంటవి. 418 మెగాబైట్ల పుట మిగిలిన చోటులో పట్టదు. పైగా స్కానరు ప్రోగ్రాము ఒక ప్రతిని, చిత్రమును సవరించే ప్రోగ్రాము మరొక ప్రతిని పట్టుకొని ఉండవచ్చును. పుటను త్రిప్పమన్నచో మూడవ ప్రతి. చోటు చాలనప్పుడు కంప్యూటరు మెమరీలోని విషయమును హార్డ్ డిస్కుపైకి తరలించి, కావలసినప్పుడు తిరిగి తెచ్చుకొంటుంది. మెమరీలోని అంకెను అందుకొనడానికి సెకనులో కోటవ వంతు చాలును. తిరిగే డిస్కుపై వెదకి తేవడానికి సెకనులో వందవ వంతు పడుతుంది. తేడా లక్ష రెట్లు. తెర స్తంభించినట్లు కనబడేది ఈ రాకపోకల కాలములోనే. యంత్రము పని మానలేదు. మోయలేని బరువును చిన్న చిన్న మూటలుగా మోస్తున్నది.

ఇంకొక భ్రమను కూడ తొలగించవలెను. "జెపెగ్ రూపములో దాచినచో భారము తగ్గుతుంది గదా" అంటారు. డిస్కుపైని ఫైలు చిన్నదవుతుంది, నిజమే. కాని సాధారణముగా పుట అంతయు మెమరీలోనికి చేరిన తరువాతనే కుదింపు మొదలవుతుంది. గోనెలో కుక్కకముందు ధాన్యము కళ్ళమంతటా పరచుకొనే ఉంటుంది.

ఎచ్చట ఆగినదో వినవలెను

వైద్యుడు నాడిని చూచినట్లు, స్కానరు పనిని దశలుగా గమనించినచో లోపము ఎచ్చట ఉన్నదో అదియే చెబుతుంది.

మొదటిది: దీపము కదలకముందే ఆగినచో, మెమరీని అనుమానించ పని లేదు. విద్యుత్తు, తీగ, డ్రైవరు అనే మూడింటిని చూడవలెను. కొన్ని స్కానర్లకు రవాణాలో కదలకుండ అడుగుభాగమున ఒక తాళపు మీట ఉంటుంది. దానిని విప్పినారో లేదో చూడవలెను. పలుచని స్కానర్లు అనేకము యు.ఎస్.బి. తీగ నుండియే విద్యుత్తును తీసికొంటవి. యు.ఎస్.బి. 2.0 ద్వారము అందించగలది 5 వోల్టులవద్ద 500 మిల్లీ ఆంపియర్లు, అనగా రెండున్నర వాట్లు. సొంత విద్యుత్తు లేని హబ్ ఒకటి నడుమ ఉంచినచో ఒక్కొక్క ద్వారమునకు 100 మిల్లీ ఆంపియర్లే నియమము. అది చాలదు. కనుక స్కానరును కంప్యూటరు వెనుకవైపు ద్వారమునకు, పొట్టి తీగతో, నేరుగా కలుపవలెను.

రెండవది: దీపము ఆగి ఆగి, వెనుకకు జరిగి మరల ముందుకు పోతున్నచో, దారి ఇరుకైనదని అర్థము. స్కానరు చూచిన గీతలను కంప్యూటరు అంత వేగముగా అందుకొనలేకపోతున్నది. 1998 నాటి యు.ఎస్.బి. 1.1 వేగము సెకనుకు 12 మెగాబిట్లు. ఆచరణలో సుమారు ఒక మెగాబైటు. ఆ దారిన 26 మెగాబైట్ల పుట అర నిమిషములో వస్తుంది. 418 మెగాబైట్ల పుటకు ఏడు నిమిషములు. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 వేగము 480 మెగాబిట్లు. పాత కంప్యూటరులో అదనపు కార్డు బిగించి ఈ వేగమును పొందవచ్చును.

మూడవది: దీపము తన ప్రయాణము సాఫీగా ముగించి తిరిగి వచ్చిన తరువాత తెర స్తంభించి, డిస్కు దీపము ఎడతెగక వెలుగుతున్నచో, అది మెమరీ చాలని లక్షణము. ప్రోగ్రాములో మచ్చలు తుడుచుట, అచ్చుచుక్కలను కలుపుట, రంగు పునరుద్ధరించుట వంటి సవరణలు ఉంటవి. ఇవి ప్రతి బిందువును మరల మరల లెక్కించే పనులు. వాటిని మాన్పినచో సగము వ్యాధి నయమవుతుంది.

నాలుగవది: దాచునప్పుడు ఆగినచో డిస్కులో ఖాళీ చోటు చూడవలెను. మెమరీ చాలనప్పుడు తరలించే సరకునకు, తాత్కాలిక ఫైళ్ళకు కూడ అదే చోటు కావలెను.

అయిదవది: మొదటి పుటలు బాగుగా వచ్చి, పదవ పుటకో పదునైదవ పుటకో వేగము క్షీణించినచో, ముందరి పుటలన్నియు మూయకుండా మెమరీలోనే ఉన్నవని గ్రహించవలెను. ఒక్కొక్క పుటను విడి ఫైలుగా దాచి మూసివేసి, చివరకు అన్నింటిని ఒక గ్రంథముగా కూర్చవలెను.

పరీక్షించే క్రమము

విద్యార్థులు ఇచ్చట శాస్త్రపద్ధతిని అలవరచుకొనవచ్చును. ఒక్కమారు ఒక్క విషయమునే మార్చవలెను. డ్రైవరు, తీగ, సూక్ష్మత మూడింటిని ఒకేసారి మార్చి యంత్రము నడిచినదని సంతోషించినచో, దేనివలన నడిచినదో తెలియదు.

ముందుగా ఒక సాధారణ కాగితమును, పాత సంచికను కాదు, గాజుపై ఉంచవలెను. 100 డి.పి.ఐ., బూడిదవన్నె ఛాయ ఎన్నుకొనవలెను. ఏ4 పుటకు ఇది ఒక మెగాబైటుకన్న తక్కువ. ఇది కూడ రాకపోయినచో లోపము భారములో లేదు. విద్యుత్తు, తీగ, డ్రైవరులలో ఉన్నది. ఇది వచ్చినచో యంత్రములు రెండును ఆరోగ్యముగా ఉన్నవి. తరువాత 200, 300, 400 అని మెట్లుగా పెంచుతూ, ప్రతి మెట్టు వద్ద పట్టిన కాలమును గడియారము చూచి వ్రాసికొనవలెను. బిందువుల సంఖ్యతో పాటు కాలము క్రమముగా పెరుగుతూ వచ్చి, ఒకచోట ఒక్కసారిగా పెరిగినచో, ఆ కంప్యూటరు హద్దు అదియే. ఆ అంకెను ఒక చీటీపై వ్రాసి స్కానరు మూతకు అంటించినచో తరువాత వచ్చేవారికి శ్రమ తప్పుతుంది.

ఎంత సూక్ష్మత చాలును

అయితే హద్దులో ఉండడానికి అక్షరమును బలి ఇవ్వవలెనా అనే ప్రశ్న వస్తుంది. ఉర్దూలో బే, పే, తే, సే అనే అక్షరముల ఆకృతి ఒక్కటే. చుక్కల సంఖ్య, స్థానము మాత్రమే భేదము. తెలుగులో ద, ధ లకు భేదము అడుగున ఒక చిన్న గీత. ధ, థ లకు భేదము నడుమ ఒక చుక్క. చుక్క పోయినచో మాట మారుతుంది. కనుక లెక్క చుక్కనుండియే మొదలుపెట్టవలెను.

అర మిల్లీమీటరు వెడల్పు గల చుక్కను తీసికొందము. 100 డి.పి.ఐ. వద్ద దాని అడ్డముపై రెండు బిందువులే పడుతవి. ప్రక్క చుక్కతో కలిసిపోవచ్చును. 300 వద్ద సుమారు ఆరు బిందువులు. చుక్క చుక్కగా నిలుస్తుంది. 1,200 వద్ద ఇరువది నాలుగు. అక్షరము చదువుటకు ఆరు చాలునపుడు మిగిలిన పదునెనిమిది బిందువులు కాగితపు నూలుపోగులను, సిరా మరకలను చూపడానికే. అచ్చు పుటకు 300, అతి సన్నని అక్షరములకు 400, చిన్న ఛాయాచిత్రములకు 600 అని పెట్టుకొన్నచో సామాన్య అవసరములు తీరుతవి. స్కానరు పెట్టెపై అచ్చువేసే 9,600, 19,200 వంటి పెద్ద అంకెలకు మోసపోరాదు. అవి సాధారణముగా కటకము చూచినవి కావు. చూచిన బిందువుల నడుమ ప్రోగ్రాము ఊహించి చేర్చినవి. వాటివలన భారము పెరుగుతుంది గాని సత్యము పెరుగదు.

నలుపు తెలుపుల పద్ధతి అన్నింటికన్న తేలికయైనను పాత పుటలకు మేము సిఫారసు చేయము. పసుపెక్కిన కాగితముపై వెలిసిన చుక్కను యంత్రము తెలుపుగా భావించి తుడిచివేయును. బూడిదవన్నె ఛాయలో ఆ చుక్క లేతగానైనను మిగులును. తరువాత కన్ను గుర్తించగలదు. ముఖచిత్రములను, రంగుల బొమ్మలను మాత్రము రంగులలో చూడవలెను.

కాగితముపట్ల జాగ్రత్త

గట్టిగా కుట్టిన సంచికను గాజుపై అదిమి మూత మోపరాదు. కుట్టువద్ద పుట గాజునుండి కొంత పైకి లేచి ఉంటుంది. స్పర్శరీతి పట్టీ గల స్కానరుకు ఆ లేచిన భాగము మసకగా కనబడుతుంది, సి.సి.డి. స్కానరు దానిని కొంత మెరుగుగా చూడగలదు. పలుచని కాగితమునకు అవతలి ప్రక్క అక్షరములు కనబడుతున్నచో పుట వెనుక నల్లని కాగితము ఉంచవలెను. ముట్టుకొంటేనే పొడి రాలే సంచికకు స్కానరు తగినది కాదు. దానిని తెరచి ఉంచి పైనుండి కెమెరాతో చిత్రము తీయడమే క్షేమము.

ద్విభాషా సంచికలలో మరొక చిక్కు ఉన్నది. ఉర్దూ కుడినుండి, తెలుగు ఎడమనుండి సాగుతవి గనుక, రెండు విభాగములు చెరియొక అట్టనుండి మొదలై నడుమ కలిసికొనే సంచికలు ఉన్నవి. పుటలకు వరుసగా ఒకే సంఖ్య వేసినచో ఉర్దూ విభాగము తలక్రిందులవుతుంది. ఏ విభాగమునకు ఆ విభాగము పేరు, సంవత్సరము, పుట సంఖ్య కలిపి ఫైలుకు పేరు పెట్టవలెను.

కమిటీ వారికి మనవి

120 పుటల సంచికను పూర్తి ఏ4 పరిమాణములో 300 డి.పి.ఐ., బూడిదవన్నె ఛాయలో చూచినచో కుదింపు లేకుండా సుమారు ఒక గిగాబైటు. అదే సంచిక 600 వద్ద రంగులలో పన్నెండున్నర గిగాబైట్లు. ఇరువది ఐదు సంవత్సరముల సంచికలకు లెక్క కట్టినచో ఒకవైపు 26, మరొకవైపు 313. మొదటి పని పాత కంప్యూటరుతో, ఒక చిన్న బాహ్య డిస్కుతో నెరవేరుతుంది.

కొత్త కంప్యూటరు కొనడము సర్వరోగ నివారిణి కాదని కూడ గమనింప ప్రార్థన. 64 బిట్ల విండోస్ వ్యవస్థ 32 బిట్ల డ్రైవరును స్వీకరించదు. పాత స్కానరుకు తయారీదారు కొత్త డ్రైవరు ఇవ్వనిచో, పాత కంప్యూటరుపై మెల్లగానైనను నడిచిన స్కానరు కొత్తదానిపై అసలే నడువదు. అప్పుడు స్కానరును కూడ కొనవలసి వస్తుంది. లైనక్సు వ్యవస్థలోని సేన్ అనే ఉచిత సాధనము అనేక పాత స్కానర్లను గుర్తించగలదు. పాతవి పారవేయకముందు దానిని ఒకసారి ప్రయత్నించవలెను.

ఖర్చు చేయదలచినచో క్రమము ఇది: మొదట మెమరీ, ఆ కంప్యూటరు అంగీకరించే రకము, అంగీకరించే మేరకు, తరువాత యు.ఎస్.బి. 2.0 కార్డు, ఆపై రెండు బాహ్య డిస్కులు, వేర్వేరు గదులలో ఉంచుటకు. 100 డి.పి.ఐ. పరీక్షలో కూడ, తీగయు డ్రైవరును మార్చిన తరువాత కూడ, స్తంభించే కంప్యూటరును మాత్రము సగౌరవముగా సాగనంపవచ్చును. విండోస్ ఎక్స్‌పి గల కంప్యూటరును స్కానరుకు వాడుతున్నచో దానిని ఇంటర్నెట్టుకు కలుపరాదు. ఆ వ్యవస్థకు రక్షణ సవరణలు ఇచ్చు పద్ధతి 2014 ఏప్రిల్ 8వ తేదీతో ముగిసినది.

విద్యార్థి మిత్రులారా, యంత్రము మనకన్న తెలివైనది కాదు, మొండిది కూడ కాదు. అడిగినంత ఇవ్వడానికి ప్రయత్నిస్తుంది. ఎంత అడుగుతున్నామో లెక్క కట్టే బాధ్యత మనది. అంగుళమునకు 300 బిందువులలో ఒక కాతిబు చేతివ్రాత, ఒక పూర్వ విద్యార్థి తొలి పద్యము, ఒక ఆచార్యుని సందేశము భద్రముగా ఒదుగుతవి. పుటను ఒకే ఒక్కసారి తెరచి, ఒకే ఒక్కసారి చూచి, మరల మెల్లగా మూసి బీరువాలో ఉంచగలిగినచో మన పని నెరవేరినట్లే.